ఆలస్యంగా వచ్చిన మడమ

రెండో మేజోడు కూడా మొండికాలికి తొడిగి, ముడతలు లేకుండా బొటనవేలితో పైకి నిమిరాడు నడక మామ. ముడత ఒక్కటి మిగిలినా మధ్యాహ్నానికి అది మేకులా గుచ్చుకుంటుంది. మోకాలి కింద జానెడు మిగిలిన కాలు అది. చివర చర్మం గుమ్మడి తొడిమలా లోపలికి ముడుచుకుని, కాస్త నల్లబడి ఉంటుంది. దాన్ని పెట్టుడుకాలి గిన్నెలోకి దించి, తోలుపట్టీ బిగించి, లేచి నిలబడి ఒకసారి బరువు మోపి చూశాడు.

“లోకంలో కాళ్ళన్నీ నువ్వే అరగదీస్తావు. నీ కాలికి మందు రాసుకునే తీరిక మాత్రం ఉండదు,” అంది భార్య, అన్నం డబ్బా మూత బిగిస్తూ.

“రాత్రి రాశాను.”

“దేనికి, గోడకా? సీసా మూత తీసిన ఆనవాలే లేదు.”

అతను డబ్బా అందుకునేటప్పుడు ఆమె వేలు ఒకసారి నొక్కి వదిలాడు. ఇద్దరి మధ్యా ముప్పై ఏళ్ళుగా పొద్దుటిపూట మాటలు ఇంతే.

అతను పనిచేసేది పెట్టుడుకాళ్ళ కార్ఖానాలో. ఇరవై నాలుగో ఏట రాతిగనిలో బండ దొర్లి కాలు పోతే, కొత్త కాలు కోసం అక్కడికి వెళ్ళాడు. ఇచ్చిన కాలు మూడో రోజున తిరిగి తెచ్చాడు. “మెట్టు దిగేటప్పుడు వేళ్ళు ఎదురు తిరుగుతున్నాయండీ,” అన్నాడు. అప్పటి యజమాని నవ్వి, ఇంకేమంటోందయ్యా నీ కాలు అని అడిగాడు. అతను వేళ్ళు ముడుస్తూ పదకొండు సంగతులు చెప్పాడు. యజమాని నవ్వు ఆపి కుర్చీ వేయించాడు. ఆనాటి నుంచి అదే ఉద్యోగం. కొత్త కాలు ఏది తయారైనా ముందు అతను తొడుక్కుని నడవాలి. పెరట్లో చదును నేల, కంకర, ఇసుక, తొమ్మిది మెట్లు. నడిచి వచ్చి “పోనివ్వండి” అంటే ఆ కాలు బయటికి పోతుంది. అనకపోతే పోదు. ఇది కాగితం మీద రాసిన నియమం కాదు. హాజరు పుస్తకంలో అతని పేరు ఎదురుగా ‘సహాయకుడు’ అని మాత్రమే ఉంటుంది.

పాతరోజుల్లో అంతా ఒకే రేకుల షెడ్డు. ఒక మూల వడ్రంగి, ఒక మూల రబ్బరు పొయ్యి, నడుమ బొమ్మలు గీసే బల్ల. మామ మెట్ల మీంచి “మడమ గట్టిగా ఉందర్రా” అని కేకేస్తే ముగ్గురూ తలెత్తేవారు, ముగ్గురూ ఒకరినొకరు తిట్టుకునేవారు, సాయంత్రానికి మడమ మెత్తబడేది. మూడేళ్ళ కింద కొత్త భవనం లేచింది. ఎవరి గది వారిది, ఎవరి తలుపు వారిది. గదినుంచి గదికి చీటీలు పోతాయి. సమావేశం గదిలో మాత్రం ఇప్పటి యజమాని పెద్దసారు నిలువెత్తు బోర్డు పెట్టించాడు: ‘అందరి జ్ఞానం కలిస్తేనే కొత్తది పుడుతుంది.’ ఆ గదికి తాళం వేసి ఉంటుంది. నెలకోసారి తుడవడానికి తీస్తారు.

ఇప్పుడు పుట్టిన కొత్తది తేలిక పాదం. పాతదాని బరువులో సగం. లోపల చెక్క ఎముక, దాని వెనక మెత్తని స్పాంజి మడమ, పైన రబ్బరు చర్మం. గీసింది ఇంజనీరు. మనిషి మంచివాడే, చదువుకున్నవాడు, రెండేళ్ళుగా ఈ పాదం తప్ప అతనికి వేరే లోకం లేదు. సాయంత్రం ఐదింటికి మొదటి అరవై పాదాలు వ్యాన్లో పెద్దాసుపత్రికి వెళ్ళాలి. అక్కడ అరవైమంది కాచుకుని ఉన్నారు. పెట్టెలు అప్పటికే వసారాలో పేర్చి ఉన్నాయి.

పొద్దున్న మామ ఆ పాదం తొడుక్కుని ఆరు చుట్లు నడిచాడు. దూదిలా ఉంది. కంకరమీద కూడా ఒంటి బరువు తెలియలేదు. ఏడో చుట్టులో గొంతుక్కూర్చుని, పక్కకి తిరుగుతూ లేచాడు. అప్పుడు తెలిసింది. మనిషి లేచాక, కంటి రెప్పపాటు తర్వాత, మడమ లేచింది.

ఇంకోసారి కూర్చుని లేచాడు. ఈసారి తేడా లేదు. మళ్ళీ. ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది.

పెద్దసారు గదిలో ఇంజనీరు కూడా ఉన్నాడు. మామ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“లేచేటప్పుడు మడమ ఆలస్యంగా వస్తోందండీ.”

“ఆలస్యంగా రావడానికి అదేమైనా బస్సా మామా?” అన్నాడు పెద్దసారు.

ఇంజనీరు నవ్వలేదు. “మన మిషను మీద ఐదు లక్షల అడుగులు నడిపించానండీ. వెంట్రుకంత కూడా తేడా రాలేదు.”

“మిషను ముందుకే నడుస్తుంది బాబూ. కింద కూర్చుని, పక్కకి తిరిగి లేవదుగా.”

“ఎన్నిసార్లు అలా అనిపించింది మీకు?”

“ఒకసారి గట్టిగా. రెండోసారి అనుమానంగా.”

పెద్దసారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. “చూడు మామా. వచ్చే నెల నుంచి పరీక్షంతా మిషనే చేస్తుందని నీ చెవిన పడింది. నీ బాధ నాకు తెలుసు. నిన్నేం రోడ్డున పడెయ్యం, గేటు దగ్గర కుర్చీ వేస్తాం. దానికోసం ఆ పాదం మీద నింద వెయ్యకు.”

మామ ముఖం మారలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. “ఐదింటి దాకా టైముందిగా,” అని వచ్చేశాడు.

అన్నం డబ్బా తెరిచాడు గాని నాలుగు ముద్దలు మించి దిగలేదు. పెద్దసారు మాట ముల్లులా దిగబడింది. దిగబడింది అబద్ధమని కాదు, నిజమేమోనని. నిజంగా మడమే ఆలస్యంగా వచ్చిందా? గేటు దగ్గరి కుర్చీని తలుచుకుని తన మనసుకే అలా అనిపించిందా? ముప్పై నాలుగేళ్ళలో తన కాలి మాటని తను అనుమానించడం ఇదే మొదలు. ‘పోనివ్వండి’ అనడానికి ఎంతసేపు? అంటే పెద్దసారుకి సంతోషం, ఇంజనీరుకి సంతోషం. కాని ఆ అరవైమందిలో ఒకరెవరో నేలమీద కూర్చుంటారు. చంటిబిడ్డని చంకనేసుకుని పక్కకి తిరిగి లేస్తారు.

డబ్బా మూసి పెరట్లోకి నడిచాడు.

లెక్క తప్పకుండా చుట్టుకో గులకరాయి తీసి పిట్టగోడ మీద పెట్టసాగాడు. చదును, కంకర, ఇసుక, మెట్లు. చివర గొంతుక్కూర్చోవడం, తిరగడం, లేవడం. పది రాళ్ళకి చెమట పట్టింది. ఇరవైకి మొండికాలు మండసాగింది. ఆ పాటికి మామూలుగా గిన్నె విప్పి, మేజోడు మార్చుకుని, గంట ఆగుతాడు. విప్పితే గిన్నె బిగువు మారుతుంది, అనుమానం మళ్ళీ మొదటికొస్తుంది. విప్పలేదు. ముప్పైకి మంట పోయి తడి తెలిసింది. చెమటే అనుకున్నాడు. మడమ బుద్ధిగా నడుస్తోంది. పెద్దసారు అన్నదే నిజమైతే? పళ్ళు బిగించి మరో రాయి పెట్టాడు.

నలభై నాలుగో చుట్టు చివర కూర్చుని, తిరిగి, లేచాడు. మనిషి లేచాడు, మడమ రాలేదు. పాత చెప్పు అట్ట ఊడినట్టు చిన్న చప్పుడైంది. మామ పక్కకి ఒరిగి కంకర మీద చతికిలబడ్డాడు.

రబ్బరు గది కిటికీలోంచి మొదట చూసింది రబ్బరక్క. మాడిన రబ్బరు వాసనతో, ముంజేతుల నిండా మసితో పరుగెత్తుకొచ్చింది. ఆమె కేకకి వడ్రంగి వచ్చాడు, వెనకే ఇంజనీరు. మామ అప్పటికే గిన్నెతో సహా కాలు విప్పి వాళ్ళకేసి చాచాడు.

“కోసి చూడండి,” అన్నాడు.

వడ్రంగి ఉలితో రబ్బరు చర్మం చీల్చాడు. స్పాంజి చెక్కనుంచి అరటితొక్కలా ఊడి వచ్చింది. కింద చెక్క తళతళలాడుతోంది.

“ఇదేంటి బావా, ఇంత నున్నగా చేశావు?” అంది రబ్బరక్క.

“చెక్క పల్చన చెయ్యమన్నారు. పల్చని చెక్కమీద గీత ఉంటే గీత దగ్గరే విరుగుతుంది. అందుకే అద్దంలా రుద్దాను. నా పనిలో తప్పు పట్టకు.”

“అద్దానికి జిగురు అంటుతుందా? నాకొక్క మాట చెప్పొద్దూ!”

“చీటీలో ఆ గడి లేదు. అయినా నీ పొయ్యి సంగతి నాకు చెప్పావా?”

ఆమె గొంతు తగ్గింది. “మెత్తటి స్పాంజి ఇచ్చారు. పాత వేడి పెడితే మాడిపోతోంది. తగ్గించాను. గరుకు చెక్కైతే ఆ వేడికి పట్టేసేదే.”

“నువ్వు వేడి తగ్గిస్తున్నావని తెలిస్తే నేను గరుకుగానే వదిలేవాణ్ణి.”

ఇంజనీరు ఆ చెక్కని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. “పల్చగా కావాలన్నదీ, మెత్తగా కావాలన్నదీ నేనే,” అన్నాడు మెల్లగా. “ఎవరి పనిలోనూ తప్పు లేదు.”

ముగ్గురూ కంకర మీదే కూలబడి, వేలితో ఇసుకలో గీతలు గీస్తూ, ఒకరి మాట ఒకరు తుంచేస్తూ మాట్లాడుకోసాగారు. చెక్క వెనక భాగం మాత్రం గరుకుగా వదిలితే? వేడి రెండు విడతలుగా పెడితే? కొత్త భవనం లేచాక ఆ ముగ్గురూ ఒకచోట కూర్చోవడం అదే మొదలు. వసారా ముందు వ్యాను డ్రైవరు హారను కొట్టాడు. ఇంజనీరు తలైనా తిప్పకుండా, ఆగమన్నట్టు చెయ్యి ఊపాడు.

మామ వాళ్ళని చూస్తూ కూర్చున్నాడు. మనసు తేలికపడింది. కాలు అబద్ధం చెప్పలేదు.

చాలాసేపటికి రబ్బరక్క కళ్ళు ఇటు తిరిగాయి. “మామా, ఆ మేజోడేంటి అలా ఉంది?”

మేజోడు మోకాటి దాకా ఎర్రగా నానిపోయి ఉంది.

అరవై పాదాలు లేకుండానే ఆ వ్యాను మామని ఎక్కించుకుని పెద్దాసుపత్రికి వెళ్ళింది. చర్మం ఎముక దాకా ఒరుసుకుపోయిందన్నారు. చక్కెర జబ్బు కూడా ఉందని అక్కడే బయటపడింది. పుండు మానలేదు. నెల తిరక్కుండా కాలు మోకాలి పైదాకా తీసేశారు. ఆ పైన ఇంక పెట్టుడుకాలు వద్దన్నారు డాక్టర్లు. భార్య మందు సీసా సంచిలోంచి తీసి, చూసి, మళ్ళీ సంచిలోనే పెట్టుకుంది.

ఇంజనీరు రెండుసార్లు నోటుపుస్తకంతో వచ్చాడు. కూర్చునేటప్పుడు బరువు ఏ వైపు, తిరిగేటప్పుడు నడుము ముందా భుజం ముందా అని అడిగాడు. మామ మంచం మీంచే అన్నీ చెప్పాడు, చేత్తో చూపించాడు. రెండోసారి వెళ్ళేముందు ఇంజనీరు గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. “ఆ రోజు నేను మీతో నడిచి ఉండాల్సింది మామా.”

“నీకు రెండు కాళ్ళున్నాయి బాబూ. నీకు తెలిసేది కాదు,” అన్నాడు మామ. అది ఓదార్పో, మరొకటో ఇంజనీరుకి అర్థం కాలేదు.

మిషను ఇప్పుడు కూర్చుంటుంది, పక్కకి తిరుగుతుంది, లేస్తుంది. తేలిక పాదం వెనక గరుకుతో, రెండు విడతల వేడితో బయటికి పోయింది. కాగితాల మీద ముగ్గురి పేర్లున్నాయి. గదుల తలుపులు కొన్నాళ్ళు తెరిచి ఉన్నాయి. తర్వాత దుమ్ము వస్తోందని మూసేశారు. గేటు దగ్గర కుర్చీలోకి వేరే మనిషి వచ్చాడు. నడక మామ ఆ వాకిలి మళ్ళీ తొక్కలేదు.

పెరట్లో ఇప్పుడు ఎవరూ నడవరు. కంకర మధ్య గడ్డి మొలిచింది. పిట్టగోడ మీద నలభై మూడు గులకరాళ్ళు, వేలెడు ఎడంలో, ఒకే వరసలో ఉన్నాయి.