ఎక్కడికో పోయే పైపు

కమలకుమారికి ఊరికే కూర్చోవడం చేతకాదు. మౌలాలిలో రైల్వే డ్రాయింగ్ ఆఫీసులో ముప్ఫై మూడేళ్ళు స్టూలు మీద కూర్చుని గీతలు గీసిన మనిషి, రిటైరయ్యాక ఆ కూర్చున్న బాకీ అంతా తీర్చుకుంటున్నట్టు తిరుగుతూనే ఉంటుంది. నాచారం కార్ఖానాల వెనక ఇరవై ఆరు ఇళ్ళ పినాకిని కాలనీకి ఆవిడే సెక్రటరీ. వేరేవాళ్ళు ఆ పనికి ముందుకు రారు. వచ్చినా ఆవిడ రానివ్వదు.

వాటర్ బోర్డు నీళ్ళు కాలనీ గేటు దాకానే వస్తాయి. గేటు దాటాక మంచినీళ్ళ పైపులు, మురుగు గొట్టాలు, మ్యాన్‌హోళ్ళు అన్నీ కాలనీవే, నలభై ఏళ్ళ కిందట వేసినవి. నేలలో ఏది ఎక్కడుందో వాల్వులు తిప్పే హన్మయ్యకు తెలియాలి, లేదంటే వానపాములకు తెలియాలి. నీళ్ళు రోజు విడిచి రోజు, పొద్దున ఆరింటి నుంచి ఏడింటి దాకా. వీధి వాలుగా ఉంటుంది. పై కొసన కమలకుమారి ఇల్లు, కింది కొసన ఉప్పలమ్మ ఇల్లు.

ఆ సోమవారం ఏడు కాకముందే ఉప్పలమ్మ చెంబు పట్టుకుని పైకి వచ్చింది. ఉప్పల్ రోడ్డు పక్కన జొన్నరొట్టెలు కాల్చి అమ్మే మనిషి, పొయ్యి దగ్గరుండాల్సిన వేళ అది.

"జర వాసన సూడుండ్రి మేడం" అంది.

చెంబు ముక్కు దాకా తేనక్కర్లేకుండానే కమలకుమారికి వాసన తగిలింది.

"నెల సంది చెప్తున్న. మీరేమన్నరు? ముందు మీ సంపు కడుక్కోండి, శుభ్రంగా ఉండటం నేర్చుకోండి అన్నరు. కడిగిన. రెండుసార్లు కడిగిన. మా మనస్వినికి కామెర్లని నిన్న దవాఖానల చెప్పిన్రు."

మనస్విని ఆమె మనవరాలు, రెండో తరగతి చదువుతోంది. కమలకుమారికి మొహం చెల్లలేదు. ఆ మాటలు ఆవిడ అన్నవే, అదీ వీధిలో నిలబడి నలుగురూ వినేలా అన్నవి. తప్పయిందని అంటే సరిపోయేది. అంటే ఆవిడ కమలకుమారి ఎందుకవుతుంది? చెప్పులు వేసుకుని హన్మయ్యను కేకేసింది.

వీధి పై కొసనున్న నాలుగిళ్ళలో ఎవరిదో మురుగు గొట్టం పగిలి మంచినీళ్ళ పైపు పక్కనే కారుతోంది. ఆ పైపుకూ చిల్లు పడి ఉంటుంది. నీళ్ళు ఆగిపోగానే ఖాళీ అయిన పైపు చుట్టూ ఉన్న తడిని లోపలికి పీలుస్తుంది, మర్నాడు కాక ఆ మర్నాడు అదే కింది ఇళ్ళ పంపుల్లో దిగుతుంది. ఆ ఇల్లేదో కనిపెట్టడానికి ఆవిడ ఒక ఉపాయం పన్నింది. హోలీలో మిగిలిన రంగులు, వంటింటి రంగులు, ఏవి దొరికితే అవి ఇంటికొకటి చొప్పున బాత్రూముల్లో కుమ్మరించాలి. ఉప్పలమ్మ పంపులో ఏ రంగు దిగితే ఆ ఇంటి గొట్టం పగిలినట్టు.

"మస్తుంది మేడం గిది" అన్నాడు హన్మయ్య. ఏ ఇంటికి ఏ రంగో జేబులోంచి చీటీ తీసి రాసుకున్నాడు. గిరిధర్‌కు గులాబీ, మంగతాయారుకు ఆకుపచ్చ, చిదంబరానికి జిలేబీల్లో వేసే కాషాయం. "మీకేం రాయాలె?"

"నీలిమందు రాయి. కానీ నాకు పొయ్యక్కర్లేదులే. మాది నిరుడు వేసిన కొత్త కనెక్షన్."

గిరిధర్ తన బాత్రూములో రంగు పోయించుకుంటూ ఒక మాట విసిరాడు. "మూడేళ్ళ కిందటే రోడ్డు తవ్వనిచ్చి ఉంటే నేనూ కొత్తది వేసుకునేవాణ్ణి కదండీ."

అది నిజమే. కాలనీలో సిమెంటు రోడ్డు పడ్డ రోజున ఆవిడే రూలు పెట్టింది, పదేళ్ళ దాకా ఆ రోడ్డు మీద గడ్డపార పడకూడదని. అడిగినవాళ్ళందరికీ లేదని చెప్పింది. ఆ రోడ్డంటే ఆవిడకు అంత ప్రాణం.

బుధవారం ఆరింటికి అందరూ ఉప్పలమ్మ పంపు దగ్గర మూగారు. నీళ్ళొచ్చాయి. వాసన అలాగే ఉంది, రంగు మాత్రం ఏదీ లేదు.

"మూడిండ్లు అయిపాయె" అన్నాడు హన్మయ్య, కమలకుమారి వైపు చూడకుండా. "ఒకటి మిగిలింది."

"పోస్తాన్లే. నీళ్ళు ఆగాక పోస్తాను."

ఇంటికి నడుస్తుంటే ఆవిడకు మేస్త్రీ గుర్తొచ్చాడు. గుర్తు రావడమేమిటి, సోమవారం నుంచీ వాడు బుర్రలోనే తిష్ఠ వేసుకుని ఉన్నాడు. నిరుడు అద్దెకివ్వడానికి పైన వాటా కట్టించినప్పుడు, పై బాత్రూము నీళ్ళు మెయిన్ లైన్లో కలపాలంటే రోడ్డు కొయ్యాలన్నాడు. రోడ్డు ముట్టుకోకుండా చూడమంది ఆవిడ. "గోడ పక్కన పాత పైపొకటున్నది మేడం, దాన్ల కలుపుతా" అన్నాడు. అది ఎక్కడికి పోతుందని అడిగితే, "ఎక్కడికో పోతది" అన్నాడు. ముప్ఫై మూడేళ్ళు ప్రతి గీతా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూసిన మనిషి, ఆ 'ఎక్కడికో' దగ్గర నోరు మూసుకుంది.

ఏడింటికి నీళ్ళు ఆగాయి. ఆవిడ నీలిమందు సీసా పట్టుకుని నిలబడింది. మెట్లెక్కి పై వాటా బాత్రూములో పొయ్యాలి. పైన అద్దెకున్న ధీరజ్ ఇంకా డ్యూటీకి వెళ్ళలేదు, ఆ అబ్బాయిని ఇబ్బంది పెట్టడం ఎందుకు అనుకుంది. ఎంత చక్కని సాకో. కింద బాత్రూములో సగం సీసా పోసింది. కింద బాత్రూముది పాత పద్ధతి ప్రకారం వేసిన గట్టి గొట్టం, దానికేమీ కాదని ఆవిడకు తెలుసు. బయటికొచ్చి "పోశాను హన్మయ్యా" అంది. అబద్ధం కాదు, నిజమూ కాదు.

ఆపైన ఆవిడ కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. కింది ఇళ్ళకు ట్యాంకరు మాట్లాడింది. ట్యాంకరు వచ్చేదాకా గేటు దగ్గర నిలబడింది, వచ్చాక పైపు తనే పట్టుకుంది. ఉతికిన దుప్పట్లు మళ్ళీ ఉతికింది. టీ పెట్టుకుని తాగడం మరిచిపోయి, చల్లారాక పారబోసి మళ్ళీ పెట్టింది. కాలనీ పాత ప్లాను బల్ల మీద పరిచి, ఆ పాత పైపు కోసం భూతద్దం పెట్టి వెతికింది. ప్లానులో అది లేదు. లేనందుకు ఒక్క క్షణం సంతోషించి, ఆ సంతోషానికి సిగ్గుపడింది. శుక్రవారం కూడా ఏ రంగూ రాదు. తప్పు ఎవరిదీ కాదని తేలిపోతుంది. అప్పుడు కింది ఇళ్ళవాళ్ళు ఆ నీళ్ళే తాగుతారు. ట్యాంకరు ఎన్నాళ్ళొస్తుంది?

గురువారం మధ్యాహ్నం గేటు చప్పుడైంది. ఉప్పలమ్మ. చేతిలో గుడ్డలో చుట్టిన నాలుగు రొట్టెలు, పక్కన పొట్లంలో ఎర్రకారం.

"తినుండ్రి మేడం. నిన్నటి సంది మాకోసమే తిరుగుతున్నరు, ఎండల అన్నం తిన్నరో లేదో."

"పిల్ల ఎలా ఉంది?"

"కండ్లు ఇంకా పచ్చగనే ఉన్నయి. లేస్తది తియ్యి." గుమ్మం దాకా పోయి, కమలకుమారి రొట్టెల వైపే చూస్తుండటం గమనించి వెనక్కి తిరిగింది. "ఫికర్ జెయ్యకుండ్రి. కొన్న నీళ్ళతోనే పిండి కలిపిన."

కమలకుమారి ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. తన ఇంటి మురికి వాళ్ళ చెంబులోకి పంపి, శుభ్రత నేర్చుకోమని వాళ్ళకే పాఠం చెప్పింది. వాళ్ళేమో ఆవిడకు ఎక్కడ జబ్బు చేస్తుందోనని నీళ్ళు కొని రొట్టె చేసి తెచ్చారు. ఆవిడకు గట్టిగా ఏడవాలనిపించింది. ఏడుస్తూ కూర్చోవడానికీ ఓపిక లేదు. మిగిలిన సగం సీసా తీసుకుని మెట్లెక్కింది. ధీరజ్ గది తాళంచెవి తన దగ్గర ఇంకొకటి ఉంది. ఒక్క చుక్క మిగల్చకుండా పోసి, మీద నాలుగు బకెట్లు కుమ్మరించింది. మంచినీళ్ళ పైపు రేపటిదాకా ఖాళీ, పీల్చుకోవాలనుకుంటే పీల్చుకుంటుంది.

శుక్రవారం ఆరింటికి మళ్ళీ ఉప్పలమ్మ పంపు దగ్గర జనం చేరారు. హన్మయ్య వాల్వు తిప్పి పరిగెత్తుకొచ్చాడు. పంపు కింద తెల్ల ప్లాస్టిక్ బకెట్. ముందు గాలి బుసకొట్టింది, తర్వాత నీళ్ళొచ్చాయి. బకెట్ సగం నిండేసరికి నీలం స్పష్టంగా తేలింది, ఇస్త్రీకి ఇచ్చే తెల్లచొక్కాలు ముంచే నీళ్ళలాగ.

హన్మయ్య చెయ్యి జేబు మీదకు పోయి అక్కడే ఆగింది. చీటీ బయటపడనిదే నీలం ఎవరిదో ఎవరూ పైకి అనరని కమలకుమారికి తెలుసు. అతను చీటీ తియ్యడని కూడా ఆవిడకు తెలుసు.

"నీలం నాది" అంది కమలకుమారి. "మా పై వాటా బాత్రూముది. రోడ్డు తవ్వాల్సొస్తుందని పాత పైపులో కలిపించాను. అది ఎక్కడికి పోతుందో నేను చూసుకోలేదు. బుధవారం నాకు అనుమానం ఉండి కూడా వేరే బాత్రూములో పోశాను. తప్పు నాదే, ఉప్పలమ్మగారూ."

గిరిధర్ ఏదో అనబోయి మంగతాయారు మొహం చూసి ఆగిపోయాడు. ఉప్పలమ్మ పంపు కట్టేసింది. బకెట్‌లోకి వంగి చూసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి కోపానివో నిన్నటి రొట్టెలు తలుచుకునో కమలకుమారికి అర్థం కాలేదు.

"గియ్యి నీ నీళ్ళు, కమలమ్మా" అంది చివరకు. "తీస్కపో."

హన్మయ్య బకెట్ అందుకోబోతే వద్దంది కమలకుమారి. అరవై నాలుగేళ్ళ మనిషి, సగం పైగా నిండిన బకెట్. చెయ్యి మారుస్తూ, వీధి వాలుకు ఎదురెక్కుతూ నడిచింది. ఒక్కొక్క గేటు దగ్గరా ఒక్కొక్కరు నిలబడి ఉన్నారు. చిదంబరం పేపరు మడిచాడు. స్కూలుకు తయారైన పిల్లలు నీళ్ళెందుకు నీలంగా ఉన్నాయని తల్లుల్ని అడిగారు. నీళ్ళు తొణికి ఆవిడ చీర కుచ్చిళ్ళ మీద మరకలు పడ్డాయి. మధ్యలో ఎక్కడా ఆగలేదు, బకెట్ దించలేదు.

ఇంటి ముందుకొచ్చాక ఆగింది. గోడ దగ్గర మొదలుపెట్టి మెయిన్ లైన్ దాకా, మూడేళ్ళుగా గీత పడనివ్వని ఆ రోడ్డు మీద, బకెట్ వంచి సన్నటి ధారగా పోసుకుంటూ పోయింది. ముప్ఫై మూడేళ్ళు గీసిన చెయ్యి, గీత వంకర పోలేదు.

"హన్మయ్యా, గడ్డపార తీసుకురా" అంది. "ఆరకముందే దీని మీద తవ్వాలి."