రెండూ ఎడమ తలుపులే

కారు సీట్లు కుట్టే ఆ షెడ్డులో కత్తెర మామయ్యది, మిషను మేనకోడలిది. ఏళ్ల తరబడి అదే తంతు. ఆమె ఎంత బాగా కుట్టినా మెప్పంతా మామయ్యకే. "కోత కుదిరితే కుట్టు దానంతటదే కుదురుతుందమ్మా" అనేవాడు మహానుభావుడు. ఆమెకు ఒళ్లు మండేది. ఏమంటుంది? మేనమామాయె!

అలాంటిది, రిటైరైన టీచరమ్మ ఒకావిడ తన పాతకాలం కారు తలుపులకు లోపలివైపు తోలు మార్చమని తెచ్చినప్పుడు, మామయ్య కత్తెర తీసి మేనకోడలి చేతిలో పెట్టాడు.

"కానియ్యి, చూద్దాం. ఈ రంగు తోలు ఇంక దొరకదు, జాగ్రత్త" అని టీ తాగడానికి వెళ్లాడు.

కుడి తలుపులో తోలు కింద ఉండే అట్ట తడికి ఉబ్బి పొడిపొడిగా రాలిపోయింది. ఎడమ తలుపు అట్ట గట్టిగానే ఉంది. దాన్ని తోలు మీద పెట్టి సుద్దతో గీసి కోసింది. అదే అట్టను బోర్లించి గీస్తే కుడిది వస్తుంది. ఈ మహాతల్లి సంబరంలో బోర్లించడం మరిచిపోయింది. కోసిన ముక్కలు పక్కపక్కన పరిచి చూసుకుంది కదా, రెండూ ఎడమ తలుపువే!

మామయ్య వచ్చి చూశాడు. తిట్టలేదు.

"ఏమే, ఈ కారుకి రెండు పక్కలా ఎడమేనా?" అని నిట్టూర్చాడు. "మిగిలిన తోలు మొత్తం తలుపుకి చాలదు, మూల అతుకు వెయ్యాలి. కనబడుతుంది మరి. ఆవిడతో నేను మాట్లాడతాలే."

సాయంత్రం టీచరమ్మ వచ్చింది.

"పొరపాటైందండీ. పరధ్యానంలో నేనే తప్పు కోశాను" అన్నాడు మామయ్య.

బతికిపోయాననుకోవాలి నిజానికి. కానీ మేనకోడలికి రోషం ముంచుకొచ్చింది. తప్పు కూడా ఆయనదే అయిపోతే, ఇక ఆమె కత్తెర పట్టిందని ఎవరికి తెలుస్తుంది?

"కాదండీ, కోసింది నేను" అంది. "రెండూ నేనే కోశాను."

"నోర్మూసుకోవే! నేను నెత్తిన వేసుకుంటుంటే..."

"నువ్వు వేసుకోకు మామయ్యా. అది నాది."

టీచరమ్మ సరిగ్గా వచ్చిన ముక్క అంచు వెంట వేలితో రాసి చూసింది.

"ఇదీ నువ్వేనా?"

"అవునండీ."

"ఎక్కడా వంకర పోలేదే! అతుకు పడితే పడనీ. ఆ ముక్క కూడా నువ్వే కొయ్యమ్మాయ్."

మామయ్య ముఖం మాడ్చుకున్నాడు. తర్వాత సుద్దముక్క వెతికి ఆమెకిచ్చాడు.

"ఈసారి బోర్లించు తల్లీ" అన్నాడు.