రెండో ట్యాంకు మూత

వదిన మరిదిని ముఖం చూసి గుర్తుపట్టలేదు, చొక్కా చూసి గుర్తుపట్టింది. ట్యాంకులోంచి ఎగదన్నిన వేడి ఆమ్లం అతని కళ్ళనూ పెదాలనూ తినేసింది. ఇనుప మెట్ల మీదే, అన్న ఒళ్ళో ప్రాణం పోయింది.

మందుల ఫ్యాక్టరీలో ట్యాంకులు కడిగే కాంట్రాక్టు ముఠాలో అందరికీ ఆమె వదినే. ఆమె మొగుడు ముఠా మేస్త్రి. వాళ్ళు కడిగేవి అసిటిక్ అన్‌హైడ్రైడ్ నిలవ ఉంచే ట్యాంకులు. తలనొప్పి మాత్రల మందు తయారు కావాలంటే అది ఉండాలి. ముక్కు పగిలే వెనిగర్ ఘాటు దానిది. నీళ్ళు కలిస్తే ఆమ్లంగా మారుతూ వేడెక్కిపోతుంది. దాని దొంగబుద్ధి ఏమిటంటే, వెంటనే మరగదు. నీళ్ళ కింద కిక్కురుమనకుండా పడుండి, ఉన్నట్టుండి ఎగదన్నుతుంది. అలా పడున్నప్పుడు ముఠా వాళ్ళు దాన్ని చూసి "చచ్చింది" అనుకునేవాళ్ళు. మరిదీ అలాగే అనుకుని మూత తీసి తొంగిచూశాడు.

అడుగున మిగిలింది తోడేసి, పొడి గ్యాసుతో ఆరబెట్టాకే నీళ్ళు పట్టాలి. ఆరబెట్టడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట కాంట్రాక్టరుకు దండగ. మనిషి పోవడం మాత్రం దండగ కాదు!

శవాన్ని కిందికి దించకముందే కాంట్రాక్టరు ఊడిపడ్డాడు.

"తాగొచ్చి పడ్డాడని చెప్పండి. రెండో ట్యాంకు కానివ్వండి. సాయంత్రం లోడు దిగుతోంది."

"దాన్నైనా ఆరబెట్టారా?" అంది వదిన.

"ఆరబెడుతూ కూర్చుంటే తెల్లారుతుంది. మేస్త్రీ, నీ పెళ్ళాన్ని నోరు మూసుకోమను."

మేస్త్రి తల దించుకున్నాడు. "ఇదొక్కటి కడిగేద్దామే. పని పోతే అందరం రోడ్డున పడతాం."

వదినకు ఒళ్ళు మండిపోయింది. "నీ తమ్ముడి తోలు నీ చేతులకి ఇంకా అంటుకునే ఉంది! ఇప్పుడెవర్ని తొంగిచూడమంటావు, నన్నా?"

రెండు ట్యాంకులకూ అవే మెట్లు. గబగబా ఎక్కి రెండో ట్యాంకు మూత మీద కూర్చుంది.

కేకలకు మాత్రల సెక్షన్ ఆడవాళ్ళు బయటికొచ్చారు. వాళ్ళు పర్మినెంటు వాళ్ళు. "మీ ముఠా గొడవలోకి మమ్మల్ని లాగకండి" అంది వాళ్ళలో పెద్దావిడ.

"మేం చస్తేనే కదమ్మా మీకు మాత్ర!" పైనుంచి అరిచింది వదిన. "అక్కడున్న పిల్లాణ్ణి ఒకసారి చూసి, ఆ మాట మళ్ళీ అను!"

పెద్దావిడ చూసింది. మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

కాంట్రాక్టరు మనిషి పైకెక్కి వదిన జుట్టు పట్టి ఈడ్చాడు. మేస్త్రికి అప్పుడు తెగింపు వచ్చింది. వాడి మెడ పట్టి మెట్ల మీంచి తోసేశాడు. కాంట్రాక్టరు పిలిపించిన పోలీసులు అప్పటికే గేటు దాటారు. వాళ్ళ లాఠీలు కాంట్రాక్టరు జోలికి పోలేదు, తిన్నగా మేస్త్రి నెత్తి మీద పడ్డాయి. దెబ్బ మీద దెబ్బ. మేస్త్రి తమ్ముడి పక్కనే కూలిపోయాడు, మళ్ళీ లేవలేదు.

వదిన గుండెలు బాదుకోలేదు. మూతను రెండు చేతులా కరుచుకుంది. నలుగురు పోలీసులు ఆమె వేళ్ళు విరిచి, కాళ్ళు పట్టి కిందికి లాగారు.

ఆమెను వ్యానులో పడేసేలోపు పెద్దావిడ పైకెక్కి మూత మీద కూర్చుంది. ఆవిణ్ణీ కొట్టి దించారు. ఇంకొకామె ఎక్కింది. ముఠా మగాళ్ళూ, మాత్రల సెక్షన్ ఆడవాళ్ళూ మెట్ల పొడుగునా నిండిపోయారు.

"ఇంకా ఎంతమందున్నారే?" ఇన్‌స్పెక్టర్ ఆయాసపడుతూ అరిచాడు.

వ్యాను చువ్వల్లోంచి వదిన నెత్తుటి నోటితో అంది: "కొడుతూ ఉండు, నీకే తెలుస్తుంది."