కోడలి చక్రం చప్పుడు

నాకు నోరెక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. కట్టుడు పళ్ళు తయారుచేసే లాబ్‌లో నా ఉద్యోగం. పగలంతా వెంట్రుకవాసి తేడాలతో కొట్లాడే పని కాబట్టి ఇంటికొచ్చేసరికి ఓపిక మిగలదని మా ఆయనతో అంటూ ఉంటాను. పెళ్ళికి ముందు మాత్రం మిగిలిన దాఖలాలు ఏమున్నాయని ఆయన అంటారు.

వంగి వంగి పనిచేసి నడుం పట్టేస్తోందని ఆరేళ్ళ కిందట సైకిలు కొన్నాను. సన్న టైర్లు, వంపు హ్యాండిలు, దూరాలు తొక్కడానికి చేసినది. వంగే పనికి విరుగుడుగా ఇంకా వంగే సైకిలు కొన్నానని మా ఆయన వెక్కిరింపు. పదితో మొదలుపెట్టి యాభైకి, యాభై నుంచి రెండు వందల కిలోమీటర్లకి వచ్చాను. ఈసారి ఇరవై గంటల్లో మూడు వందలు తొక్కే సవారీకి పేరిచ్చాను. ఇంకా తొమ్మిది వారాలుంది.

చిక్కల్లా చక్రాలతోనే. సైకిలుతో పాటు వచ్చినవి బరువు. పైగా బ్రేకు రాసుకునే చోట రిమ్ము అరిగిపోయి, వేలు పెడితే గుంట తగులుతోంది. వీటన్నిటికీ మించి వెనక చక్రం గోల. తొక్కడం ఆపితే చాలు, ఫ్రీవీలు టకటకటకమంటూ వీధి వీధంతా నా రాకని చాటింపు వేస్తుంది. మంగలి షాపు మలుపు నుంచి మా గేటు దాకా పల్లం. అక్కడ నేను తొక్కను, జారిపోతాను. ఆ కాస్త దూరంలో కుక్కలు కూడా లేచి పక్కకి తప్పుకుంటాయి.

ఆ గోల మెచ్చుకునేది ఒక్కరే, మా అత్తయ్య. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషి. దగ్గు విని, ఏ నంబరు వాళ్ళో చెప్పేదట. రెండేళ్ళుగా మతిమరుపు జబ్బు. ఈ మధ్య కన్నకొడుకుని పట్టుకుని తమ్ముడనుకుంటోంది. కానీ నేను పల్లం దిగేసరికి గేటు గడియ తీసి నిలబడుతుంది. "వచ్చావా? మొహం చూడు, వడలిన తోటకూర కాడలా" అంటుంది. కొడుకుని మరిచిపోయినా నన్ను మరవలేదని నాకు లోలోపల గర్వం. పక్కింటావిడ దగ్గర ఆ గర్వం కాస్త బయటికి కూడా తీశాను.

శనివారం సాయంత్రం చక్రాల మాస్టారి దగ్గరికి వెళ్ళాను. అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. చేత్తో చక్రం అల్లడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆయన పైవరస పళ్ళు నేను చేసినవే కాబట్టి మా ఇద్దరికీ చనువెక్కువ.

"ఎక్కడ తొక్కుతావు? ఎంత తొందర? ఎంత బరువున్నావు?" అని అడిగారు.

బరువు దగ్గర నాలుగు కిలోలు తగ్గించి చెప్పాను. ఆయన కళ్ళద్దాల మీదుగా నన్నొకసారి చూసి, ఐదు కలిపి రాసుకున్నారు.

లోతు రిమ్ముల జత చూపించి, ఇవి సైకిలు పందేలకి బావుంటాయి గానీ పక్కగాలి కొడితే గాలిపటమైపోతావన్నారు. ఎక్కువ స్పోకు పుల్లలున్న రిమ్ము చూపించి, దూరాలకి ఇదే మేలన్నారు. నేను వింటేగా! నా కన్ను గోడ మీద వేలాడుతున్న వెండిరంగు జత మీద పడింది. చిటికెన వేలితో ఎత్తొచ్చు. ఇరవై పుల్లలే. తిప్పి చూస్తే చడీచప్పుడూ లేదు.

"ఇవే. చప్పుడే లేదు చూడండి!" అన్నాను.

"ముందు ఒక రోజు తొక్కి చూడు. నచ్చితే అప్పుడు మాట్లాడదాం" అని బిగించి ఇచ్చారు. "మరి పాతవాటిని ఏం చెయ్యమంటావు?"

"ఆ గోల నాకొద్దు బాబూ. విప్పి పాతసామాన్లో పడేయండి."

ఆ రాత్రి నేను ఇల్లు చేరేసరికే అత్తయ్య నిద్రపోయింది. ఆదివారం తెల్లారకముందే బయల్దేరి అరవై కిలోమీటర్లు తొక్కి వచ్చాను. నిజం చెప్పొద్దూ, హాయిగా ఉంది. ఎత్తు ఎక్కుతుంటే వెనక నుంచి ఎవరో చెయ్యి వేసి నెట్టినట్టుంది. పల్లంలో నా ఊపిరి నాకే వినిపించింది. చక్రాల మాస్టారికి ఇక మాట ఇచ్చేయడమే అనుకుంటూ గేటు దగ్గరికి వచ్చాను.

గేటు వేసి ఉంది.

నేనే తీసుకుని లోపలికి వెళ్ళాను. అత్తయ్య వరండాలో కుర్చీలో కూర్చుని నన్నే చూస్తోంది. లేవలేదు. హెల్మెట్ తీశాను, నల్లద్దాలు తీశాను. అయినా లేవలేదు.

"ఎవరు కావాలమ్మా?" అంది.

"చాల్లెండి అత్తయ్యా వేళాకోళం" అని నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. ఎక్స్ఛేంజి రోజుల్లో కొత్తవాళ్ళతో మాట్లాడిన గొంతు కాబోలు, ఎంతో మర్యాదగా, "మా కోడలి కోసం వచ్చారా? కూర్చోండి. సైకిలేసుకుని వెళ్ళింది. వచ్చే వేళే. ఆ మలుపు దగ్గర చప్పుడవుతుంది, నాకు తెలిసిపోతుంది" అంది.

మెట్ల మీద కూలబడ్డాను. ఆవిడకి గుర్తున్నది నా మొహం కాదు, నా చక్రం. రోజూ ఆ చప్పుడు చెవిన పడ్డాకే నేను ఆవిడ కోడలినవుతున్నాను. ఆ చప్పుడునే పాతసామాన్లో పడేయమని చెప్పి వచ్చాను.

"ఎలా ఉంటుందండీ మీ కోడలు?" అని అడిగాను. ఎందుకడిగానో తెలీదు. నోరు ఊరుకోదు కదా.

"అయ్యో, నోరు పెద్దదండీ!" అంది వెంటనే. "నోట్లో మాట నానదు. కానీ..." అని అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నా కాలిగోళ్ళు అదే తీస్తుంది. తన ఒళ్ళో పెట్టుకుని మరీ తీస్తుంది. కన్నకూతురున్నా తీయదు. కొత్తగా సైకిలు కొన్నప్పుడు నలుగురి ముందూ దాన్ని అనరాని మాటలన్నాను, ఈ వయసులో నీకిదేం పోయేకాలమని. తప్పు నాదే. చెప్పాలనే ఉంటుంది. తీరా ఎదురుగా వచ్చి నిలబడితే నాకు తిట్టడమే వస్తుంది. ఏం చెయ్యను?"

నాకు కళ్ళు మసకబారాయి. పదహారేళ్ళ కాపురంలో ఆవిడ నోటి నుంచి నేను వినని మాటలు ఎవరో ముక్కూమొహం తెలియనిదానితో చెబుతోంది.

"మీరు మళ్ళీ దానితో అనకండేం. నెత్తికెక్కి కూర్చుంటుంది" అని, భుజం మీది తువ్వాలు తీసి నాకిచ్చింది. "ఏడవకండి తల్లీ. ఏ కష్టమైనా మా కోడలు వచ్చిందంటే తీరుస్తుంది. గట్టిది."

అంతలో మా ఆయన గడ్డానికి సబ్బు నురగతో బయటికొచ్చారు. "అమ్మా, ఇదెవరనుకున్నావు? నీ కోడలే."

"నువ్వుండరా తమ్ముడూ, మధ్యలో" అని కసిరి, మళ్ళీ వీధివైపు చెవి పెట్టింది.

ఆదివారం పొద్దున మా అత్తాకోడళ్ళం కలిసి తింటాం. ఉడికించిన గుడ్లు ఆవిడే ఒలిచి నా పళ్ళెంలో వేస్తుంది. ఆ రోజూ బల్ల మీద రెండు పళ్ళేలు పెట్టుకుంది. తినమంటే ససేమిరా అంది. "అది రానీ" అని ఒకటే మాట. ముద్ద దిగకపోతే మాత్ర వేసుకోదు, మాత్ర వేసుకోకపోతే సాయంత్రానికి కళ్ళు తిరుగుతాయి. మా ఆయన్ని ఆవిడ దగ్గర ఉండమని, వచ్చిన సైకిలు మీదే మళ్ళీ మాస్టారి షాపుకి వెళ్ళాను.

షాపులో నా పాత వెనక చక్రం అప్పటికే చక్రం కాదు. పుల్లలన్నీ కత్తిరించి కట్టగా పడున్నాయి. రిమ్ము ఒక మూల, చక్రం నడిమి హబ్బు ఒక పళ్ళెంలో.

"కోసేశారా?" అని అరిచాను.

"నువ్వేగా పడేయమన్నావు!"

"నేనంటే మాత్రం చేసేయడమేనా? ఎప్పుడైనా నా మాట విన్నారా మీరు, ఇవాళే వినాలా?"

చక్రాల మాస్టారు పానా కింద పెట్టి నన్ను స్టూలు మీద కూర్చోమన్నారు. అప్పుడు కక్కాను, జరిగినదంతా. కాలిగోళ్ళ సంగతి దగ్గరికొచ్చేసరికి ఏడ్చేశాను.

"ముందే ఏడవొచ్చుగా, ఈ తిట్లెందుకు?" అన్నారాయన. లేచి హబ్బు చేతిలోకి తీసుకున్నారు. "చప్పుడంతా దీని కడుపులోనే ఉంది. ఇది బాగానే ఉంది, చెడింది రిమ్మే. కానీ దీనికి ముప్పై రెండు కన్నాలు. రిమ్ముకీ అన్నే ఉండాలి. నిన్న నీకు చూపించానే, నువ్వు మొహం తిప్పుకున్నావు, అది ఉందిగా."

అల్లడం మొదలుపెట్టారు. నా వేళ్ళకి సన్నపని అలవాటే కాబట్టి పుల్లలు అందించాను, వాటి కొసలకి చిన్న చిన్న నట్లు ఎక్కించాను. ఒంటిగంటకి మా ఆయన ఫోను. "తినలేదు. కుర్చీ గేటు దగ్గర వేయించుకుంది." రెండున్నరకి మళ్ళీ ఫోను. "దాన్నేమైనా అన్నానా, అందుకే అది రాలేదా అని అడుగుతోంది." ఫోను పెట్టేసి మాస్టారి మీద పడ్డాను, త్వరగా కానివ్వమని. చక్రం వంకరుంటే ప్రాణం మీదికొస్తుంది, నోరు మూసుకో అన్నారు. మూసుకున్నాను. మా ఆయన చూసుంటే పండగ చేసుకునేవారు.

మూడున్నరకి వెండి జత విప్పి, ముందు పాత చక్రం, వెనక ఇప్పుడల్లిన చక్రం ఎక్కించి, పెడలు తిప్పి వదిలారు. వంగి చెవి దగ్గర పెట్టి విన్నాను. ఏదో పిల్లి గురక. అంతే.

"ఇది కాదు!"

"అదే హబ్బు. కడిగి, నిండా కొత్త గ్రీజు పెట్టాను. ఎంత మెత్తగా తిరుగుతోందో చూడు" అన్నారు మురిసిపోతూ.

"ఆ గ్రీజు తీసేయండి."

"అరిగిపోతుంది అమ్మాయ్! ఎండు ఫ్రీవీలు ఇచ్చాడని తెలిస్తే నన్నేమంటారు?"

"అనేదాన్ని నేనొక్కదాన్నే. నేను మీ పళ్ళ గురించి ఎవరితోనైనా అన్నానా?"

నిట్టూర్చి మళ్ళీ విప్పారు. గుడ్డతో తుడిచి, పలచటి నూనె నాలుగు చుక్కలు వేశారు. కళ్ళు మూసుకుని విన్నాను, ఇంకా మందంగానే ఉంది. మళ్ళీ తుడిచి రెండే చుక్కలు వేశారు. ఈసారి తిప్పగానే షాపు గోడలు టకటకమన్నాయి. మొదట గబగబా, తర్వాత మెల్లగా, ఆగబోయే ముందు ఒకటీ ఒకటీ. నా గోలే. ఆరేళ్ళు తిట్టుకున్నదాన్ని వింటుంటే ప్రాణం లేచొచ్చింది.

"నెలకోసారి తీసుకురా. ఆ రెండు చుక్కలు నేనే వేస్తాను" అన్నారు. "నీ సవారీకి కూడా ఇదే మేలు. ఇరవై పుల్లలదాంట్లో ఒకటి తెగితే నడిరోడ్డు మీద ఆగిపోతావు. ముప్పై రెండుంటే ఒకటి తెగినా ఇంటికి చేరతావు. కావాలంటే ఆ వెండి జత కూడా ఉంచుకో, రోజూ ట్రైనింగుకి."

ఒక్క క్షణం ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. ఆ జత మీద వెళితే ఆవిడ మళ్ళీ నన్ను కూర్చోబెడుతుంది. నాకు చెప్పని మాటలు ఇంకేమున్నాయో చెబుతుంది. కానీ నేను అవి వింటున్నంతసేపూ ఆవిడ గేటు దగ్గర కోడలి కోసం కాచుకుని కూర్చోవాలి. వద్దని చెప్పాను.

దారంతా భయమే. హబ్బు పాతదే గానీ రిమ్ము కొత్తది. పుల్లలు కొత్తవి. పొద్దుటి నుంచి తినని మనిషికి ఏ చప్పుడైనా చెవికెక్కుతుందో లేదో. మంగలి షాపు మలుపు తిరిగాను. తొక్కడం ఆపాను.

టకటకటకటక.

కుక్క లేచి పక్కకి తప్పుకుంది. నేను సగం పల్లంలో ఉండగానే గేటు గడియ చప్పుడైంది.

"ఎంతసేపే! పొద్దుననగా వెళ్ళినదానివి! మొహం చూడు, వడలిన తోటకూర కాడలా!" అత్తయ్య గేటు పట్టుకుని అరుస్తోంది. సైకిలు గోడకి కొట్టుకున్నా పట్టించుకోకుండా వదిలేసి ఆవిడని వాటేసుకున్నాను. "చెమట, చెమట" అని తిట్టింది గానీ విడిపించుకోలేదు.

లోపల బల్ల దగ్గర పొద్దుటి గుడ్లు చల్లగా అయిపోయి ఉన్నాయి. ఎదురెదురుగా కూర్చున్నాం. మా ఆయన మాత్రలు తెచ్చి పక్కన పెట్టారు.

"నీ కోసం ఎవరో వచ్చింది" అంది అత్తయ్య, గుడ్డు బల్లకేసి కొడుతూ. "మెట్ల మీద కూర్చుని ఏడ్చింది కూడా. పాపం, ఏం కష్టమో. మళ్ళీ వస్తుందంటావా?"

"రాదులెండి అత్తయ్యా. ఆవిడ పనైపోయింది."

"మంచిది. చాలాసేపు మాట్లాడింది."

నా నోరు ఊరుకోదని ముందే చెప్పానుగా. "నా గురించి ఏం చెప్పారేంటి ఆవిడతో?" అని అడిగాను.

అత్తయ్య నన్ను ఎగాదిగా చూసింది.

"ఏం చెబుతాను? నీ నోరు పెద్దదని చెప్పాను" అని, ఒలిచిన గుడ్డు నా పళ్ళెంలో వేసింది.