తూమాటిపాలెం గేటులో ఎడ్లబండి

రైలు కూత దూరంగా వినబడగానే గేటు మూయాలి. రంజాన్ మూయలేదు. కాలుతున్న బీడీ నలిపి చెవి మీద పెట్టుకుని, రోడ్డు మీద నిలబడ్డ జనం వైపు తిరిగాడు.

"ఇవాళ ఎవరి వంతు?"

"నాదే" అన్నాడు మాలకొండయ్య. ఎడ్లను అదిలించి, బండిని తిన్నగా పట్టాల మధ్యకు తోలి ఆపాడు. కిందికి దూకి, ఇరుసు చీల ఊడిపోయినవాడిలా చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. చీల ఎక్కడిదక్కడే ఉంది. ఎడ్లకు కూడా ఈ నాటకం అలవాటైపోయి, పట్టాల మధ్యనే నెమరేస్తూ నిలబడ్డాయి.

గేటు మూసి తాళం వేస్తేగాని సిగ్నల్ చెయ్యి వాలదు. అది వాలకపోతే రైలు ఆగి తీరాలి. ఏ అమాయకుడి బండీ రైలు కింద పడకూడదని కంపెనీ రోజుల్లో దొరలు చేసిన ఏర్పాటది. దాన్ని తూమాటిపాలెం వాళ్ళు తమ ఆడవాళ్ళు గుంటూరు కూలికి పోవడానికి వాడుకుంటున్నారు. తెలివి దొరలకే రాసిపెట్టి లేదు గదా.

మాచర్ల నుంచి వచ్చే ప్యాసింజరు రొప్పుతూ వచ్చి ఆగింది. ఆడవాళ్ళు అన్నం మూటలు పట్టుకుని ఆఖరి పెట్టె వైపు పరుగెత్తారు. మిరపకాయల కొట్లలో తొడిమలు తీసే పని వాళ్ళది. ఎంత ఉతికినా ఆ కోకల్లో ఘాటు పోదు. ముందు పెట్టెల్లో ఎక్కితే గుమాస్తాలు తుమ్మి తుమ్మి తిడతారు. ప్లాట్‌ఫారం లేదు కాబట్టి మెట్టు రొమ్ము ఎత్తున ఉంటుంది. పైనున్నవాళ్ళు చేతులు పట్టి లాగుతుంటే, కిందివాళ్ళు నడుం పట్టి ఎగదోస్తారు.

"బండి ఇరుక్కుందండీ!" అని రంజాన్ ఇంజను వైపు కేకపెట్టాడు. ఆ మాట రోజూ అనాలి.

"రోజూ ఇరుక్కునేదేగా, కానివ్వవోయ్!" అన్నాడు డ్రైవరు నవ్వుతూ.

అందరూ ఎక్కాక బండి పట్టాల మీంచి తప్పుకుంది. రంజాన్ గేటు మూశాడు, సిగ్నల్ దించాడు, పచ్చజెండా చాపాడు. రైలు కదిలిపోతుంటే ఆఖరి పెట్టెలోంచి పేరమ్మ చెయ్యి ఊపింది. గుండె మీది బరువు అప్పుడు దిగింది రంజాన్‌కి. రోజూ అంతే. రైలు ఆగినంతసేపూ ప్రాణం గుప్పెట్లో పెట్టుకుని నిలబడతాడు.

అతను పొట్టిగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. గేటు పిడి తిప్పి తిప్పి కుడి భుజం ఎడమదానికంటే దిగింది. ఖాకీ చొక్కా మోచేతుల దగ్గర భార్య గుల్జార్ బేగం వేసిన అతుకులు అసలు గుడ్డకంటే గట్టిగా ఉన్నాయి. నోట్లో నాలుక లేని మనిషి. పదహారేళ్ళుగా ఆ ఒంటిగది గేటింట్లో భార్యా అతనూ ఇద్దరే. మూయడం, తెరవడం, మళ్ళీ మూయడం. చాలాకాలం అందరికీ అతను 'గేటోడు'. పేరేమిటని కూడా ఎవరూ అడగలేదు.

మూడేళ్ళ కిందట మిరప కోతల్లో నిజంగానే ఒక బండి ఇరుసు విరిగి పట్టాల మీద కూలబడింది. రైలు ఆగింది. ఆ పొద్దు ఆలస్యమై, మాచర్ల వైపు వెనక స్టేషన్‌కి నాలుగు మైళ్ళ దారిలో ఇంకా నడుస్తున్న ఆడవాళ్ళు అది చూసి వెనక్కి పరుగెత్తుకొచ్చి ఎక్కేశారు. మర్నాడు ఇంకొకరి బండి కొంచెం తక్కువగా విరిగింది. ఆ మర్నాటి నుంచి విరగాల్సిన అవసరమే లేకపోయింది. గుంటూరులో దిగాక, వెనక స్టేషన్‌లో ఎక్కామని చెప్పి టిక్కెట్లు కొనుక్కుంటారు. సాయంత్రం తిరుగు రైలూ అలాగే ఆగుతుంది. గేటోడు కాస్తా 'రంజాన్ బాబాయ్' అయ్యాడు. ఆ పిలుపు అతనికి ఎంత ఇష్టమో భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

"కొరివితో తల గోక్కుంటున్నావయ్యా" అంటుంది ఆమె. అంటూనే, తెల్లారేసరికి ఎడ్లబండి వచ్చిందో లేదో వాకిట్లోకొచ్చి చూస్తుంది.

అంతా బాగానే ఉండేదిగాని, కార్తీకంలో మాలకొండయ్య పెళ్ళాం సుబ్బరావమ్మ మెట్టెక్కుతూ జారిపడింది. మోకాలి కింద ఎముక విరిగి వంకరగా అతుక్కుంది. ఆమె ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుంది. ఆమె కుంటుతూ వస్తుంటే రంజాన్ తల తిప్పుకుంటాడు. ఆ కాలు తనే విరగ్గొట్టినట్టుంటుంది అతనికి. రైలు ఇక్కడే ఆగేలా ఊరంతా కలిసి హాల్టు కోసం అర్జీ పెట్టినప్పుడు మొదటి వేలిముద్ర ఆమెదే.

ఆ రోజే పొద్దెక్కాక పట్టాల మీద రైల్వే ట్రాలీ వచ్చింది. నలుగురు తోస్తుండగా గొడుగు కింద కూర్చున్న కుర్ర ఆఫీసరు దిగాడు. మర్యాదస్తుడు. వాకిట్లో వేసిన నులకమంచం మీద కూర్చుని, గుల్జార్ బేగం ఇచ్చిన మజ్జిగ తాగాడు. మాలకొండయ్యా సుబ్బరావమ్మా వచ్చి నిలబడ్డారు. పల్లెల వాళ్ళు పొద్దున్నే గుంటూరు పోయి సాయంత్రానికి ఇల్లు చేరేలా ఈ లైనులో ఇంకా రైళ్ళు వేస్తారనీ, మధ్యలో హాల్టులు పెడతారనీ చెప్పాడు. ఈ దాపుల్లో మాత్రం ఒక్కటే. అది ఇక్కడో, అవతల పత్తి మిల్లు దగ్గరో తేల్చాలి.

"టిక్కెట్ల లెక్కల్లో తూమాటిపాలెం మనిషి ఒక్కడూ లేడు. మీవాళ్ళు గుంటూరు ఎలా వెళ్తున్నారు?"

"నడిచేనండి. వెనక స్టేషన్‌కి" అన్నాడు మాలకొండయ్య.

"ఇన్నాళ్ళూ నడిచినవాళ్ళు ఇంకా నడవగలరుగా. మిల్లు దగ్గర జనానికి ఆ దారీ లేదట." అర్జీ తిరగేసి, సుబ్బరావమ్మను చూశాడు. "రైలెక్కుతూ కాలు విరిగిందని ఇందులో రాశారు. నువ్వేనా అమ్మా? ఏ స్టేషన్‌లో?"

సుబ్బరావమ్మ ఆఫీసరును చూడలేదు. రంజాన్ వైపు చూసింది. ఇక్కడే అంటే, ఇక్కడ రైలెందుకు ఆగిందని అడుగుతాడు. అర్జీ రాయించినప్పుడు ఎవరికీ తట్టని సంగతి అది.

"రైలూ లేదు, పాడూ లేదయ్యా. బావిగట్టు మీద జారిపడ్డా. హాల్టు ఇత్తారని అట్టా రాయించాం" అంది.

"అంటే అర్జీ అబద్ధమన్నమాట."

"అబద్ధమేనయ్యా."

మాలకొండయ్య నేల చూస్తున్నాడు. ఆఫీసరు కాగితం మడిచాడు. రంజాన్ ఆ కాగితం వైపు చూశాడు. ఊరుకుంటే చాలు. ట్రాలీ వెళ్ళిపోతుంది, రేపు మళ్ళీ ఎవరిదో బండి ఇరుక్కుంటుంది, కడుపులో చల్ల కదలకుండా రోజులు గడిచిపోతాయి. కాని సుబ్బరావమ్మ తన విరిగిన కాలును కూడా కాదనుకుంది. తన కోసం అంత పని చేసినవాళ్ళు పుట్టి బుద్ధెరిగాక అతనికి లేరు. సిగ్గూ ప్రేమా రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"ఆమె చెప్పేది నమ్మకండయ్యా" అన్నాడు. "ఆ కాలు ఈడే విరిగింది. ఆ కంకర కుప్ప కాడ. రైలు ఈడ రోజూ ఆగుద్ది. గేటు మూయకుండా నేనే ఆపుతా."

"నోరు ముయ్యరా రంజానూ!" అని అరిచాడు మాలకొండయ్య.

ఆఫీసరు మడిచిన కాగితం మళ్ళీ విప్పాడు. "నువ్వేం చెబుతున్నావో తెలుసా?" అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "నేను విననట్టు ఉండిపోతే?"

"మీరు విననట్టుంటే ఆ ఆడోళ్ళూ లేనట్టేగా అయ్యా."

"జనం ఉన్నారని రాయాలంటే నువ్వు రైలు ఆపావనీ రాయాలి. రెండూ రాస్తాను. నీ సంగతి తేలుతుంది. హాల్టు సంగతి మాత్రం పైవాళ్ళది, నేను మాటివ్వలేను." అని ట్రాలీ ఎక్కాడు.

మధ్యాహ్నం దాటాక అదే ట్రాలీ మీద బదులు మనిషి దిగాడు. రంజాన్ వెంటనే ఇల్లు ఖాళీ చేసి, మర్నాడు గుంటూరు ఆఫీసులో హాజరు కావాలట. ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, వంటగిన్నెల మూట. పదహారేళ్ళ కాపురం అంతే తేలింది. మాలకొండయ్య బండి కడతానంటే రంజాన్ వద్దన్నాడు. ఇంకో మాట పడాల్సి వస్తుందని భయం.

"ఇన్ని రైళ్ళు చూశాం. ఒక్కటన్నా ఎక్కామా?" అంది గుల్జార్ బేగం నవ్వబోయి. గిన్నెల మూట నెత్తికెత్తుకుంది.

రైలెక్కాలంటే వెనక స్టేషన్‌కి నడవాల్సిందే. పట్టాల పక్క కాలిబాట పట్టారు. సగం దారిలో ఉండగా గుంటూరు నుంచి వచ్చే సాయంత్రపు బండి ధడధడమంటూ వాళ్ళను దాటిపోయింది. గేటు మూసి ఉంది, సిగ్నల్ వాలి ఉంది, మరెందుకు ఆగుతుంది? ఆఖరి పెట్టె కిటికీల్లోంచి ఆడవాళ్ళ కేకలు వినబడ్డాయి. రంజాన్ పెట్టె దించి నిలబడ్డాడు.

పొద్దుగూకే వేళకు ఆ ఆడవాళ్ళు ఎదురుపడ్డారు. వెనక స్టేషన్‌లో దిగి, కాళ్ళీడ్చుకుంటూ వస్తున్నారు. అందరి కళ్ళూ మిరప ధూళికి ఎర్రబడి ఉన్నాయి. ముందు పేరమ్మ.

"ఏంది బాబాయ్, ఇయ్యాళ ఆపలా?" అంటూ వచ్చి, పెట్టెను చూసి ఆగిపోయింది.

రంజాన్ చెప్పాడు. మాటలు ఎక్కువ లేవు. "హాల్టు కోసం రాస్తానన్నాడమ్మా" అని ముగించాడు.

"రాస్తాడులే. ఎప్పటికొచ్చుద్దో! రేపు పొద్దున్నే ఎట్టా బాబాయ్?"

తన ఉద్యోగం పోతుందనుకున్నాడు గాని, రేపు పొద్దున వీళ్ళు చీకట్లో లేచి నాలుగు మైళ్ళు నడవాలన్న ఆలోచన ఆఫీసరు ముందు రంజాన్‌కు రాలేదు. మంచి చేశానో చెడు చేశానో తెలియక, పిల్లాడిలా ఏడుపొచ్చింది. తలపాగా కొసతో మొహం తుడుచుకున్నాడు. పేరమ్మ ముందుకొచ్చి, పెట్టె ఒక కొస తను పట్టి అతని తలకెత్తింది.

"గేటు కాడ కుండ నింపి పెట్టొచ్చానే" అంది గుల్జార్ బేగం. "గొంతులు మండుతుంటాయి. తాగి పోండి."

పేరమ్మావాళ్ళు గేటు చేరేసరికి చీకటి పడుతోంది. బదులు మనిషి దీపం వెలిగించుకుంటున్నాడు. ఆడవాళ్ళు ఒకరి తరవాత ఒకరు తాగుతుంటే, ఆ కుండ ఎవరిదని అడిగాడు.

"గేటుదే" అంది పేరమ్మ.

అతను తలూపి, గేటు చూసుకోవడానికి లేచాడు. గోడ పక్కన, తడి గోనె చుట్టిన ఆ కుండ మీద సత్తుగ్లాసు బోర్లించి ఉంది.