రంగు పట్టని రోజులు

నేను ఒక గాజు కుప్పెను. అడుగు వెడల్పు, మెడ సన్నం. కొలిమిలో కరిగి, అచ్చులో గాలి ఊదించుకుని ఈ ఆకారానికి వచ్చాను. ఒక కాలేజీలో కొన్నాళ్లు పిల్లల చేతుల్లో నలిగి, చివరికి ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్ రజిత చేతికి చేరాను. పరీక్ష కోసం రోగుల ఒంట్లోంచి కోసిన ముక్కలకు పట్టించే హెమటాక్సిలిన్ రంగును ఆమె నాలోనే కాచేది. మరిగే నీళ్లలో పటిక కరిగించి, స్పిరిట్‌లో కలిపిన చెట్టుచేవ పొడి పోసి, చిటికెడు మందు వేయగానే ద్రవమంతా ముదురు ఊదాగా మారేది.

ఆ వారం మాత్రం రంగు కుదరలేదు. బీడీలు చుట్టే మల్లవ్వకు బుగ్గ లోపల మానని పుండు. అందులోంచి కోసిన ముక్కకు రంగు పడితేనే అది క్యాన్సరో కాదో తేలుతుంది. మైక్రోస్కోప్‌లో చూసిన డాక్టర్ వైదేహి విసుక్కున్నారు.

"అంతా మబ్బు మబ్బుగ ఉంది రజితా. మళ్ల చెయ్యి."

మళ్లీ చేసింది. మళ్లీ అదే. పొడి పాతదన్నారు. పటిక మార్చారు. నన్ను గీకి గీకి తోమారు. నాకు ఒళ్లు మండిపోయింది. తప్పు నీళ్లది! నీళ్లు శుద్ధిచేసే యంత్రం పాడైతే, ఎవరో శుద్ధమైన నీళ్లుండే క్యాన్‌లో బోరు నీళ్లు నింపి పెట్టారు. కాగినప్పుడల్లా ఆ ఉప్పదనం నా గోడలకు తగిలేది. ఏం లాభం? మెడ ఇచ్చినవాళ్లు నాకు గొంతు ఇవ్వలేదు.

మల్లవ్వ భర్త రాజలింగు రోజూ గుమ్మం దగ్గర నిలబడేవాడు.

"రిపోర్ట్ అచ్చిందా బిడ్డా? ఆమె ముద్ద మింగుతలేదు. అవునో కాదో ఒక్క మాట చెప్పరాదూ!"

"నా చేతుల ఉంటే చెప్పనా పెద్దాయనా?"

రజిత ఆయన్ను కూర్చోబెట్టి ఓదారుస్తూ, పొయ్యిమీద నన్ను మరిచిపోయింది. పటిక ఇంకా వేయలేదు, ఒట్టి నీళ్లే. అవి ఇగిరిపోయాయి. టప్పుమని నా అడుగు చీలింది.

పరుగున వచ్చి గుడ్డతో దించింది. పారేయబోతూ ఆగింది. నా అడుగున తెల్లటి పొర.

"మంచి నీళ్లయితే గీ సున్నం ఏడికెల్లి అచ్చింది?"

వేరేచోటి నుంచి శుద్ధమైన నీళ్లు తెప్పించి, మరో కుప్పెలో రంగు కాచి ముక్కకు పట్టించింది. ఈసారి కణాల కేంద్రకాలు నేరేడుపండు రంగులో తేటగా కనిపించాయి. డాక్టర్ రాజలింగును లోపలికి పిలిచారు.

"క్యాన్సరే. కానీ ఇంకా చిన్నగనే ఉంది. ఆపరేషన్ చేస్తే నయమైతది."

ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"గీ మాట మొన్ననే చెప్తే ఆమె గింతగనం ఏడ్వకపోయేది గద బిడ్డా."

పగిలిన గాజు పడేసే డబ్బాలోంచి నేనూ విన్నాను. తప్పు నీళ్లదని నాకు మొన్ననే తెలుసు.