జంగమ్మ గడప ముందు

వాకిలి ఊడ్చి నీళ్లు చల్లాక, జంగమ్మ గడప ముందున్న మగ చెప్పుల దగ్గర వంగింది. నిన్న రెండూ గోడవైపు తిరిగి ఉన్నాయి. ఈరోజు ఎడమదాన్ని వాలుగా, కుడిదాని మీద ఆనేలా పెట్టి, వెళ్లి కుట్టు మిషన్ ముందు కూర్చుంది.

భర్తకు జడ్చర్లలో రాత్రి డ్యూటీ అని మహబూబ్‌నగర్‌లోని ఆ వీధికి ఆమె ఎప్పుడో చెప్పింది. పగలు పడుకుంటాడని ఎవరూ తలుపు కొట్టరు. బ్లౌజు గుడ్డలు కూడా కిటికీలోంచే ఇచ్చిపోతారు.

ఎండ ముదరకముందే బొమ్మకు కట్టే జానెడు చీరకు అంచు కుట్టి పైగదికి తీసుకెళ్లింది. అక్కడ కిరాయికున్న సుహాసిని బొమ్మలతో సినిమా తీస్తోంది. పిల్లల సినిమా కాదు, గదిలో ఒక్కతే బతికే ఆడమనిషి కథ. అన్నం ముద్ద పట్టుకున్న బొమ్మ చేతిని వెంట్రుకవాసి జరిపి ఒక ఫోటో, మళ్లీ జరిపి ఇంకొకటి.

“గీ ముద్ద నోట్లెకు ఎప్పుడు పోతది బిడ్డా?”

“ఎల్లుండికి పోతది పెద్దమ్మా.”

“అప్పటిదాక అన్నం పాసిపోదా?”

సుహాసిని నవ్వింది. జంగమ్మ కొంగుముడి విప్పి, రెక్సిన్ ముక్కలతో కుట్టిన గోరంత చెప్పులు ఆమె అరచేతిలో పెట్టింది.

“ఇవి మగ చెప్పులు. ఈమెకు ఎవ్వరు లేరు గద,” అంది సుహాసిని బొమ్మను చూపిస్తూ.

“లేరు గనుకనే. ఒంటి ఆడమనిషి గడప ముంగట మగ చెప్పులుండాలె. రోజు జర జరుపాలె. లేకుంటే జనం కనిపెడ్తరు.”

సుహాసిని మెట్లవైపు చూసింది. “అయితే పెదనాయిన...”

“పోయి శాన ఏండ్లాయె. ఎవ్వరికి చెప్పకు.”

ఆ మాట జంగమ్మ బయటికి అనడం అదే మొదలు. రేపటి నుంచి పొద్దున్నే తానొచ్చి తలుపు కొడతానంది సుహాసిని.

“చాయ్ పెట్టినంక రా,” అంది జంగమ్మ.

చీకటి పడేదాకా కుట్టింది. అటక మీది రెండో కప్పు దించి, కడిగి, చాయ్ గిన్నె పక్కన బోర్లించింది. భుజం గుంజుతోందని తొందరగా పడుకుంది.

తెల్లారి సుహాసిని దిగేసరికి వాకిలి ఊడ్చి లేదు. ఎడమ చెప్పు నిన్నటి వాలులోనే ఉంది. వెంట్రుకవాసి కూడా జరగలేదు. ఆమె తలుపు కొట్టింది. మళ్లీ కొట్టింది. ఇంటి ఓనరు అంజయ్య వచ్చి గడియ విరగ్గొట్టాడు. జంగమ్మ చాప మీద గోడవైపు ఒత్తిగిలి ఉంది. నిద్రలోనే పోయింది.

జనం చేరారు. భర్తకు కబురు పంపమన్నారు. అంజయ్య గడప ముందు ఆగాడు.

“చెప్పులు ఈడనే ఉన్నయి. మనిషేడి?”

“డ్యూటీకి బూట్లేసుకొని పోతడు,” అంది సుహాసిని.

అందరూ లోపలికి వెళ్లాక వంగి, ఎడమ చెప్పును కొంచెం వీధివైపు జరిపింది. కాలివేళ్ల అచ్చు పడని ఆ చెప్పు ఇంకా కొత్తగానే ఉంది.